గేర్‌బాక్స్ విప్పే ముందు క్లచ్ సంగతి తేల్చండి

ప్రశ్న: మాది నెల్లూరు. ఉద్యోగరీత్యా చాలా ఏళ్లుగా చెన్నై వేళచ్చేరిలో ఉంటున్నాం. ఎప్పటినుంచో ఉన్న మోజు కొద్దీ సెకండ్ హ్యాండ్‌లో 2011 మోడల్ నిస్సాన్ 370జెడ్, మాన్యువల్ గేర్ల బండి కొన్నాను. ఆఫీసుకు వేరే కారు ఉంది. దీన్ని నెలకో రెండు నెలలకో ఒకసారి ఈసీఆర్ (సముద్రతీరం వెంట వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద తిప్పి తెచ్చి కవర్ కప్పేస్తాను. ఈసారి వానలు తగ్గాక బయటికి తీస్తే కొత్త ఇబ్బంది మొదలైంది. ఇంజిన్ స్టార్ట్ అయ్యాక ఫస్ట్ గేర్ పడదు. బలంగా తోస్తే పడుతుంది గానీ కారు ముందుకు ఒక్క కుదుపు కుదుపుతుంది. రివర్స్ వేయబోతే కర్రుమంటుంది. ఇంజిన్ ఆపితే మాత్రం ఆరు గేర్లూ, రివర్సూ హాయిగా పడుతున్నాయి. రోడ్డెక్కాక మూడు, నాలుగు గేర్లతో పెద్ద పేచీ లేదు. క్లచ్ పెడల్ ఒక్కోసారి సగంలో ఆగి, మెల్లగా పైకొస్తుంది. షెడ్డులో చూపిస్తే 'సింక్రోలు పోయాయి సార్, గేర్‌బాక్స్ విప్పాలి, పార్టులు బయటి దేశం నుంచి రావాలి' అని గుండె జారిపోయే ఎస్టిమేట్ ఇచ్చారు. 2023 డిసెంబరు తుపానుకు మా సెల్లారులో టైర్లు సగం మునిగేదాకా నీళ్లు నిలిచాయి, దాని ప్రభావమే ఇదంటున్నారు. విప్పించమంటారా? వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచుతూనే ఉన్నాను కదా, నిలబెట్టిన బండికి గేర్‌బాక్స్ ఎలా పోతుంది?
— ఒక పాఠకుడు, చెన్నై

సమాధానం: విప్పించకండి. మీరు రాసిన లక్షణాలు చదివితే నాకు అనుమానం గేర్‌బాక్స్ మీదకు పోవడం లేదు. క్లచ్ సరిగా కట్ కావడం లేదు. అది రుజువయ్యేదాకా ఆ ఎస్టిమేట్ మీద సంతకం పెట్టొద్దు.

ఎందుకంటున్నానో చెబుతాను. ఇంజిన్ ఆపినప్పుడు ఆరు గేర్లూ అడ్డు లేకుండా పడుతున్నాయంటే గేర్ రాడ్డు, లోపలి ఫోర్కులు, వాటిని కదిలించే ఏర్పాటు సవ్యంగా ఉన్నట్టే. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు మాత్రమే పేచీ వస్తోంది. క్లచ్ తొక్కితే క్లచ్ ప్లేటు ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్ చక్రం నుంచి పూర్తిగా విడిపోవాలి. అప్పుడు గేర్‌బాక్స్‌లోకి వెళ్లే ఇన్‌పుట్ షాఫ్ట్‌ను తిప్పేవాళ్లు ఉండరు, దాని వేగం తగ్గిపోతుంది, మిగిలిన కాస్త వేగాన్ని సింక్రో రింగు పట్టి ఆపుతుంది, గేర్ పడుతుంది. ప్లేటు పూర్తిగా విడిపోకుండా ఫ్లైవీల్‌కు రాసుకుంటూ ఉంటే ఇంజిన్ ఆ షాఫ్ట్‌ను తిప్పుతూనే ఉంటుంది. పాపం ఆ చిన్న రింగు ఏకంగా 3.7 లీటర్ల వీ6 ఇంజిన్‌తో కుస్తీ పట్టాలి. మీరు బలంగా తోసినప్పుడు కారు కుదిపిందే, అది ఆ ఇంజిన్ బలం చక్రాల దాకా వచ్చిన గుర్తు. క్లచ్ అడుగంటా తొక్కి ఉండగా కారు కదలకూడదు. కదిలిందంటే సింక్రో గురించి మాట్లాడే వేళ ఇంకా రాలేదు.

సింక్రో అరిగితే కథ సాధారణంగా ఇంకోలా నడుస్తుంది. నిలబడి ఉన్న కారులో ఫస్ట్ గేర్ పడుతుంది. పరుగులో, అందులోనూ కాస్త త్వరగా మార్చినప్పుడు, ఏదో ఒక గేర్ గరగరమంటుంది. చాలా బండ్లలో మొదట మొరాయించేది రెండో గేరు, లేకపోతే మూడోది. అదే గేర్‌ను న్యూట్రల్‌లో ఒకసారి క్లచ్ వదిలి, మళ్లీ తొక్కి వేస్తే, కిందికి దించేటప్పుడైతే మధ్యలో కాస్త యాక్సిలరేటర్ కూడా ఇస్తే, శబ్దం లేకుండా పడుతుంది. పాత లారీ డ్రైవర్లు రోజంతా చేసిన పని అదే. మీ బండిలో నిలబడి ఉన్నప్పుడు కష్టం, పరుగులో సుఖం. పూర్తిగా తిరగబడి ఉంది.

ఇప్పుడు మీరే చేయగల పరీక్షలు చెబుతాను. సమతలంగా ఉన్న చోట, ముందూ వెనకా ఎవరూ లేకుండా చూసుకుని చేయండి. గేర్ రాడ్డు దగ్గరున్న ఎస్ బటన్ ఆపేయండి. గేర్ దించేటప్పుడు ఇంజిన్ వేగాన్ని తనంతట తానే సర్దే ఏర్పాటు అది. సరదాగా ఉంటుంది గానీ, రోడ్డు మీద గేర్లు పరీక్షించేటప్పుడు డ్రైవర్ తప్పులతో పాటు బండి తప్పుల్నీ కప్పేస్తుంది.

మొదట ఇంజిన్ ఆపి ఉండగా ఫస్ట్ గేర్ వేయండి. హ్యాండ్ బ్రేక్ లాగి, బ్రేక్ మీద కాలు పెట్టి, క్లచ్ నేలకు తాకేదాకా తొక్కి స్టార్ట్ బటన్ నొక్కండి. ఇంజిన్ మామూలుగా అందుకుంటే సరే. స్టార్టర్ తిరగ్గానే కారు ముందుకు లాగినా, ఇంజిన్ బరువు మోస్తున్నట్టు మూలిగినా ప్లేటు విడిపోవడం లేదన్నమాట. తర్వాత న్యూట్రల్‌లో ఇంజిన్ నడుస్తుండగా క్లచ్ తొక్కి పట్టుకోండి. వెంటనే గేర్ వేయకుండా పది సెకన్లు ఆగి రివర్స్ వైపు మెల్లగా, రెండు వేళ్లతో తోయండి. క్లచ్ మంచిదైతే ఈలోపే షాఫ్ట్ ఆగిపోయి ఉంటుంది, చప్పుడు లేకుండా పడుతుంది. అంతసేపు ఆగినా కర్రుమంటే లోపల ఇంకా తిరుగుతోందన్నమాటే.

నాకు అన్నిటికన్నా నమ్మకమైనది మూడో పరీక్ష. గేర్ పడనని మొండికేసినప్పుడు క్లచ్ పెడల్‌ను గబగబా నాలుగైదుసార్లు కొట్టి, చివరిసారి తొక్కి పట్టుకుని ఫస్ట్ వేయండి. ఇట్టే పడిందా? అయితే తప్పు హైడ్రాలిక్ లైనులో, అంటే పెడల్ ఒత్తిడిని ఆయిల్ ద్వారా క్లచ్‌కు చేర్చే ఏర్పాటులో ఉంది. గాలి పట్టి ఉండాలి, లేదా సీల్ అరిగి ఒత్తిడి నిలవకుండా ఉండాలి. గేర్‌బాక్స్ లోపలి లోపం పెడల్ కొడితే బాగుపడదు. పడ్డాక అలాగే ఫస్ట్‌లో ఉంచి, క్లచ్ తొక్కే ఉంచి, బ్రేక్ మీద కాలు తేలిగ్గా ఆనించి ఒక నిమిషం చూడండి. మొదట కదలకుండా ఉండి, ఉండగా ఉండగా ముందుకు పాకాలని చూస్తే ఒత్తిడి ఎక్కడో జారిపోతోంది. బయటికి ఆయిల్ కారకపోయినా, పెడల్ దగ్గర ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు దాటి వెనక్కి జారవచ్చు.

పెడల్ సగంలో ఆగి మెల్లగా పైకొస్తోందని మీరు చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు రాశారు. నేనైతే ఉత్తరాన్ని ఆ వాక్యంతో మొదలుపెట్టేవాణ్ణి. 370జెడ్ మాన్యువల్ నడిపేవాళ్లకు ఏ దేశంలోనైనా తెలిసిన జబ్బు ఇది. ఆ ఆయిల్ ఒత్తిడిని అందుకుని క్లచ్‌ను విడదీసేది స్లేవ్ సిలిండర్. మనం మామూలుగా చూసే చాలా కార్లలో అది గేర్‌బాక్స్ బయట బిగించి ఉంటుంది. ఒకరు పెడల్ తొక్కుతుంటే ఇంకొకరు కిందికి దూరి, క్లచ్ ఫోర్కు ఎంత కదులుతోందో కంటితో చూడొచ్చు. మీ బండిలో అది బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఉంచే గేర్‌బాక్స్ ముందు డబ్బా) లోపల, ఇన్‌పుట్ షాఫ్ట్ చుట్టూ గుండ్రంగా, రిలీజ్ బేరింగ్‌తో కలిసి ఉంటుంది. క్లచ్ వేడంతా దానికే తగులుతుంది. సీల్ అరిగితే అందులోని బ్రేక్ ఆయిల్ నల్లబడుతుంది, పెడల్ బద్ధకిస్తుంది, ఒకనాడు నేలకంటుకుని పైకి రాదు. బయటికి కనబడదు కాబట్టి మెకానిక్ ఊహ మీద ఆధారపడతాడు, ఆ ఊహ ఎక్కువ డబ్బు వైపు మొగ్గుతుంది. మీ షెడ్డు వాళ్ల నిజాయితీని నేను శంకించడం లేదు. ఇలాంటి బండి వాళ్ల చేతికి ఎప్పుడో గానీ రాదు, గేర్ పడలేదనగానే గేర్‌బాక్సే గుర్తొస్తుంది.

ఇక నిలబెట్టిన బండికి ఇలా ఎందుకవుతుందన్న మీ ప్రశ్న. మాన్యువల్ గేర్‌బాక్స్ ఖాళీగా ఉన్నంత మాత్రాన అంత త్వరగా చెడదు. ఇనుము, ఆయిల్, మూసిన డబ్బా. ఖాళీగా ఉంటే పాడయ్యేది క్లచ్ లైను. క్లచ్‌లో ఉండేది కూడా బ్రేక్ ఆయిలే, దానికి తేమ పీల్చే గుణం ఉంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీళ్లు చేరాక అది 140కి దిగిపోయినా ప్రమాణం ఒప్పుకుంటుంది. చెన్నై గాలి సంగతి మీకు చెప్పాలా, గోడకు తగిలించిన బెల్టు కూడా బూజు పడుతుంది. ఆయిల్‌లో చేరిన తేమ సిలిండర్ లోపలి గోడల్ని తింటుంది. రోజూ తిరిగే బండిలో సీల్ కదులుతూ, ఆయిల్‌లో తడుస్తూ ఉంటుంది. నెలల తరబడి ఒకేచోట కూర్చున్న సీల్ పెదవి బిరుసెక్కుతుంది. మీరు వచ్చి తొక్కిన మొదటి తొక్కుడుకు గరుకుదేలిన గోడకు రాసుకుని గీసుకుంటుంది. బండి తక్కువ కిలోమీటర్లు తిరిగింది కాబట్టి ఆయిల్ మార్చక్కర్లేదని అనుకోవడం దీన్ని ఇంకా ముదరబెడుతుంది. బ్రేక్ ఆయిల్ విషయంలో కిలోమీటర్ల కంటే క్యాలెండర్ ముఖ్యం.

బానెట్ ఎత్తి డ్రైవర్ వైపు, బ్రేక్ ఆయిల్ డబ్బా దాపున ఉండే క్లచ్ ఆయిల్ చిన్న డబ్బా మూత తీసి చూడండి. ఆయిల్ లేత తేనె రంగులో ఉండాలి. డికాషన్ రంగుకు వచ్చి, అడుగున నల్లటి మడ్డి ఉంటే సగం జవాబు దొరికినట్టే. మట్టం తగ్గి ఉంటే ఎక్కడో కారుతోంది. డ్రైవర్ సీటు ముందు పడుకున్నంత పనిచేసి, పెడల్ పైభాగాన మాస్టర్ సిలిండర్ రాడ్డు చుట్టూ తెల్లటి టిష్యూతో తుడవండి. అక్కడ తడి తగిలితే మాస్టర్ సిలిండర్. బండిని లిఫ్ట్ మీదికి ఎత్తినప్పుడు ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట అడుగున తడి ఉందేమో చూడండి. అక్కడ తడి కనబడగానే 'ఇంజిన్ ఆయిల్ సీల్' అనేస్తారు. తేల్చుకునే దారి సులువు. ఆ తడిని వేలితో తీసి గ్లాసుడు నీళ్లలో వేయండి. బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది. ఇంజిన్ ఆయిలూ గేర్ ఆయిలూ పైన తేలి రంగులు తిరుగుతాయి, గేర్ ఆయిల్‌కైతే గంధకం కంపు వేరే. అన్నట్టు బ్రేక్ ఆయిల్ పెయింటును ఊడగొడుతుంది. చుక్క పడితే తుడిచి ఊరుకోకుండా నీళ్లు పోసి కడగండి.

2023 డిసెంబరు నీళ్ల గురించి. మిచాంగ్ తుపానుకు వేళచ్చేరి, పళ్లికరణై వైపు కార్లు ఏమయ్యాయో అందరం చూశాం. మరుసటేడు వాన సూచన వినబడగానే జనం కార్లన్నీ తీసుకెళ్లి ఫ్లైఓవర్ మీద పెట్టుకున్నది ఆ భయంతోనే. టైర్లు సగం మునిగాయంటే ఇంత కిందికుండే బండిలో బెల్ హౌసింగ్ అడుగు తడిసే ఉంటుంది, కాబట్టి మీ షెడ్డు వాళ్ల మాట కొట్టిపారేసేది కాదు. కానీ గేర్‌బాక్స్ లోపలికి నీళ్లు వెళ్లాయా లేదా అన్నది విప్పకుండానే తెలుస్తుంది. పక్కనుండే ఫిల్లర్ బోల్టు తీసి ఆయిల్ చూస్తే చాలు. పాలు కలిపిన టీలా కనబడితే నీళ్లు చేరాయి. మామూలు ఆయిల్ రంగే ఉంటే ఆ అనుమానం వదిలేయొచ్చు. ఎలాగూ ఆయిల్ మార్పించండి, కానీ డ్రెయిన్ బోల్టు కన్నా ముందు ఫిల్లర్ బోల్టు ఊడుతుందో లేదో చూడమనండి. ఆయిలంతా కింద పోసేశాక పైబోల్టు బిగుసుకుని ఉందని తెలిస్తే బండి షెడ్డులోనే ఉండిపోతుంది.

కారిన ఆయిల్‌ను, డ్రెయిన్ బోల్టు కొసను మీ కళ్లతో చూడండి. అయస్కాంతానికి అంటుకున్న బూడిదరంగు మెత్తటి ముద్ద మామూలే, అది అన్ని గేర్‌బాక్సుల్లో ఉంటుంది. ఆయిల్‌లో ఎండ తగిలినప్పుడు బంగారు పొడిలా మెరిసేది ఎక్కువగా ఉంటే అది సింక్రో రింగుల ఇత్తడి, అప్పుడు షెడ్డు వాళ్ల మాటకు బలం వస్తుంది. గోటికి తగిలే ఉక్కు ముక్కలు వస్తే ఇక నేనే విప్పించమంటాను. కొత్తగా పోసేది జీఎల్-4 రకం, 75డబ్ల్యూ-85 అయి ఉండాలి. మన షెడ్లలో డ్రమ్ములో ఉండే 90 నంబరు ఆయిల్ జీఎల్-5 రకం కావచ్చు. వెనక డిఫరెన్షియల్‌కు అలాంటిది బాగుంటుంది గానీ, అందులో ఎక్కువగా ఉండే గంధకపు మందులు సింక్రో ఇత్తడికి పడవు, చిక్కదనం వల్ల గేర్ మార్పు మొద్దుబారుతుంది. ఇదివరకటి యజమాని ఏం పోయించాడో బిల్లు ఉంటే వెతకండి.

వరద వల్ల రాగల ఇంకో చిక్కు ఉంది. క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కు తుప్పుతో అతుక్కుపోవడం, లేదా ప్లేటు జారే షాఫ్ట్ పళ్లు తుప్పుపట్టి ప్లేటు ఉన్నచోటే బిగుసుకోవడం. అప్పుడు కూడా ఇంజిన్ నడుస్తుండగా గేర్లు పడవు. తేడా ఏమిటంటే అప్పుడు పెడల్ మామూలుగానే ఉంటుంది, ఎంత కొట్టినా ఫలితం మారదు. ఆ నీళ్ల తర్వాత కూడా మీరు బండి నడిపారు, ఇప్పుడు పెడలే నలతగా ఉంది. అందుకని దీన్ని వెనక వరసలో పెడుతున్నాను. మూడో పరీక్షలో పెడల్ కొట్టినా తేడా రాకపోతే మాత్రం ముందుకు తీసుకురావాలి.

పని ఏ వరసలో చేయించాలంటే, మొదట క్లచ్ ఆయిల్ పూర్తిగా మార్చి గాలి తీయించండి. ఖర్చు చాలా తక్కువ. పెడల్ కిందికెళ్లి పైకి రాకపోతే చేత్తో లేపుతూ, ఓపిగ్గా, శుభ్రమైన ఆయిల్ వచ్చేదాకా తీయాలి. డాట్ 3 గానీ డాట్ 4 గానీ పోయొచ్చు. డాట్ 5 మాత్రం సిలికాన్ రకం, దాన్ని దగ్గరికి రానివ్వకండి. ఆ తర్వాత గేర్లు మామూలైపోతే కొన్నాళ్లు నడిపి మళ్లీ డబ్బా మూత తీసి చూడండి. కొత్త ఆయిల్ త్వరలోనే నల్లబడితే లోపలి స్లేవ్ సిలిండర్ సీల్ అరుగుతున్నట్టు. నల్లబడలేదు గానీ పెడల్ మళ్లీ జారుతోందంటే మాస్టర్ సిలిండర్. దాన్ని మార్చడానికి గేర్‌బాక్స్‌ను ముట్టుకోనక్కర్లేదు.

స్లేవ్ సిలిండరే అని తేలితే గేర్‌బాక్స్ దించక తప్పదు. కానీ దించడం వేరు, విప్పడం వేరు. దించితే లోపలి గేర్లను ఎవరూ తాకరు, దించి పక్కన పెట్టి, పార్టు మార్చి మళ్లీ ఎక్కిస్తారు. ఎస్టిమేట్‌లో ఈ రెండూ వేర్వేరు గీతలుగా రాయించుకోండి. రెండోదానికి మీ అనుమతి లేదని చెప్పండి. దించినప్పుడు క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, ఇంజిన్ వెనక సీల్ చూడమనండి. ఫ్లైవీల్ డ్యూయల్ మాస్ రకం, అంటే రెండు భాగాలు కలిపి చేసింది, చేత్తో తిప్పితే ఎంత ఆటాడుతోందో చూడాలి. ప్లేటు సగానికి మించి అరిగి ఉంటే అప్పుడే మార్చేయడం మేలు, దించే కూలి రెండోసారి ఇవ్వక్కర్లేదు. స్లేవ్‌ను బయటికి తెచ్చే కిట్లు కూడా విదేశాల్లో అమ్ముతారు. ట్రాక్ మీద తిప్పేవాళ్లకు అవి మంచివి. మీలా అప్పుడప్పుడూ తిప్పే బండికి కొత్త ఒరిజినల్ పార్టు వేసి, ఆయిల్ ఏటా మార్చుకుంటే నా లెక్కలో సరిపోతుంది.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు బలాన్ని తీసుకెళ్లే ఈ బండి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉక్కు గొట్టం కాదు, కార్బన్ ఫైబర్‌ది. సుత్తి దెబ్బ, వైస్‌లో బిగింపు దానికి పనికిరావు. ఊడదీసే ముందు ఫ్లేంజి మీద గుర్తు పెట్టి, అదే గుర్తుకు మళ్లీ బిగించాలి. దీన్ని మీ మెకానిక్‌కు మీరే ముందుగా చెప్పండి. 'తెలుసు సార్' అంటే మంచిదే. 'ఏమవుతుంది సార్' అంటే బండి ఇంకోచోటికి తీసుకెళ్లండి.

పార్టు కోసం పుదుపేట చుట్టూ తిరిగి కాళ్లు అరగదీసుకోవద్దు. పక్కనే ఒరగడంలో నిస్సాన్ కార్లు తయారవుతాయి కదా అనుకోవద్దు కూడా. మీ బండి జపాన్‌లోని తొచిగి ఫ్యాక్టరీలో పుట్టింది. చాసిస్ నంబరు ఇచ్చి ఆర్డర్ పెట్టించుకోవాలి. పార్టు చేతికొచ్చాకే గేర్‌బాక్స్ దించనివ్వండి, లేకపోతే లిఫ్ట్ ఖాళీ చేయడానికి దాన్ని తోసి ఎండలో పడేస్తారు.

చివరగా, వారానికోసారి పది నిమిషాల స్టార్టింగు. దానివల్ల క్లచ్‌కు జరిగే మేలేమీ లేదు. స్టార్ట్ చేయడానికి ఒక్కసారి తొక్కుతారు, అంతే. న్యూట్రల్‌లో గేర్‌బాక్స్ ఆయిల్ కాస్త చిమ్ముతుంది గానీ వేడెక్కదు. ఇంజిన్‌లోనూ సైలెన్సర్‌లోనూ నీటి ఆవిరి చేరి, బయటికి పోయేలోపే మీరు ఆపేస్తారు. దాని బదులు పదిహేను రోజులకోసారి ఆదివారం తెల్లవారుజామున, ట్రాఫిక్ మొదలు కాకముందే మహాబలిపురం దాకా వెళ్లి రండి. దారిలో అన్ని గేర్లూ వాడండి, పైకీ కిందికీ. ఊళ్లో లేని నెలల్లో ఎవరైనా వచ్చి, ఇంజిన్ ఆన్ చేయకపోయినా, క్లచ్ పెడల్‌ను పాతికసార్లు మెల్లగా తొక్కి వదిలినా సీల్ తడిగా ఉంటుంది. సెల్లారులో నేల చదునుగా ఉంటే హ్యాండ్ బ్రేక్ లాగి వదిలేయకండి, తేమకు హ్యాండ్ బ్రేక్ షూలు వెనక డిస్కు లోపలి డ్రమ్మును పట్టేస్తాయి. ఫస్ట్ గేర్‌లో పెట్టి, చక్రానికి ఇటుకో చెక్కో అడ్డం పెట్టండి.

పెడల్ కొట్టే పరీక్ష ఫలితం, డబ్బాలో ఆయిల్ రంగు, ఈ రెండూ రాసి పంపితే మాస్టరా స్లేవా అన్నది ఇంకాస్త గట్టిగా చెప్పగలను.